మీకు తెలుసా? గళ్ళలో ఇమడని నేల

కెనడాలోని ఆల్బెర్టాలో ఒక చమురు బావి దగ్గరికి మనిషిని పంపాలంటే వీధి పేరూ ఇంటి నంబరూ దొరకవు. ‘05-22-050-26 డబ్ల్యూ4’ అని రాసిస్తారు. ట్యాంకర్ డ్రైవరుకైనా, వెల్డరుకైనా, అర్ధరాత్రి బయల్దేరిన అంబులెన్సుకైనా అదే దారి. ఆ అంకెలు కొడితే మ్యాపు మీద చుక్క పెట్టే టూల్స్ చాలా ఉన్నాయి. కొన్ని ప్రభుత్వాలవి, కొన్ని ప్రైవేటువి. అక్కడ చమురు రంగంలోనో, బీమాలోనో, రియల్ ఎస్టేట్‌లోనో పనిచేసే మనవాళ్ళకు వీటితో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది. అవి ఎక్కడ సరిగ్గా చెబుతాయో, ఎక్కడ తడబడతాయో, ఎక్కడ అసలు ఏమీ చెప్పలేవో తెలుసుకుని వాడితే మంచిది. ఈసారి విశేషాలన్నీ దాని చుట్టూనే.

చివరి నుంచి చదవాలి

పైన రాసిన చిరునామా ఉత్తుత్తిది కాదు. ఆల్బెర్టా తలరాత మార్చిన లెడ్యూక్ నంబర్ 1 బావిది. 1947 ఫిబ్రవరి 13న అక్కడ చమురు పడింది.

దాన్ని చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ రావాలి. డబ్ల్యూ4 అంటే నాలుగో మెరిడియన్‌కు పడమర. ఆ మెరిడియన్ 110 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. 26 అంటే ఆ గీత నుంచి పడమరగా లెక్కపెట్టిన 26వ నిలువు పట్టీ. దీన్ని రేంజి అంటారు. 050 అంటే అమెరికా సరిహద్దు అయిన 49వ అక్షాంశం నుంచి ఉత్తరంగా 50వ అడ్డ పట్టీ. నిలువూ అడ్డమూ కలిసిన చోట ఏర్పడే ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్. అందులో మైలు చదరపు సెక్షన్లు 36. ఒక్కొక్కటి 640 ఎకరాలు.

సెక్షన్ల నంబర్లు ఆగ్నేయ మూలన 1తో మొదలై పడమరగా 6 దాకా వెళ్ళి, పై వరుసలో 7 నుంచి తూర్పుకు మళ్ళి, దుక్కి దున్నే ఎడ్లు చాలు చివర తిరిగినట్టు తిరుగుతూ ఈశాన్య మూలన 36తో ఆగుతాయి. 22 నాలుగో వరుసలో, తూర్పు నుంచి మూడోది. ఆ సెక్షన్‌ను మళ్ళీ 16 ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క 40 ఎకరాలు, పేరు ఎల్‌ఎస్‌డీ. వాటి నంబర్లూ అదే తీరున ఆగ్నేయం నుంచే మొదలవుతాయి. ఐదోది సెక్షన్ పడమటి అంచున, కింది నుంచి రెండో వరుసలో ఉంటుంది. అంతే, బావి దొరికింది.

దొరికినట్టే గానీ, టూల్ పెట్టే చుక్క మామూలుగా ఆ 40 ఎకరాల నట్టనడుమ పడుతుంది. ముక్క ఒక్కో వైపు 400 మీటర్ల చిల్లర. అసలు బావి మూలకు దగ్గరగా ఉంటే చుక్కకూ బావికీ మధ్య 250 మీటర్లకు పైగా దూరం ఉండవచ్చు. ఎల్‌ఎస్‌డీ లేకుండా 160 ఎకరాల క్వార్టర్ సెక్షన్ మాత్రమే ఇస్తే ఆ తేడా అర కిలోమీటరు దాటుతుంది. అంబులెన్సుకు చిరునామా చెప్పేవారు ఇది మరచిపోకూడదు. గేటు ఏ రోడ్డు మీద ఉందో కూడా చెప్పాలి.

నాలుగుకు బదులు ఐదు కొడితే

మిగతా అంకెలన్నీ సరిగ్గా ఉండి మెరిడియన్ ఒక్కటే తప్పితే? మెరిడియన్ల మధ్య నాలుగు డిగ్రీల ఎడం ఉంటుంది. కాల్గరీ అక్షాంశం దగ్గర అది ఇంచుమించు 280 కిలోమీటర్లు. టూల్‌కు తప్పు తెలియదు. అలాంటి చోటు నిజంగానే ఉంటుంది కనుక చక్కగా చుక్క పెట్టి చూపిస్తుంది.

ఐదో మెరిడియన్ కాల్గరీ ఊరి మధ్యలోంచే పోతుంది. దానికి తూర్పున ఉన్న పేటలు నాలుగో మెరిడియన్ లెక్కలో 29వ రేంజి. పడమర పేటలు ఐదో మెరిడియన్ లెక్కలో ఒకటో రేంజి. ఒకే ఊళ్ళో పక్కపక్క పేటలకు 29 ఒకచోట, 1 ఒకచోట. కొత్తగా వెళ్ళినవారు రెండు ఆస్తుల కాగితాలు చూసి అవి ఎక్కడో దూరదూరంగా ఉన్నాయనుకుంటే ఆశ్చర్యం లేదు.

లాయిడ్‌మిన్‌స్టర్ సంగతి ఇంకా విచిత్రం. 1903లో ఊరు పుట్టింది. 1905లో ఆల్బెర్టా, సస్కాచవాన్ ప్రావిన్సులు ఏర్పడ్డప్పుడు నాలుగో మెరిడియన్‌నే సరిహద్దుగా గీశారు. ఊరు రెండు ముక్కలైంది. 1930లో మళ్ళీ ఒకే పురపాలక సంఘం కింద కలిపారు. ఇప్పటికీ ఊరొక్కటే, ప్రావిన్సులు రెండు, భూమి చిరునామాలు రెండు మెరిడియన్లవి, భూమి రిజిస్టర్లు కూడా రెండు చోట్ల.

ఈ గళ్ళు ఎంత దూరం పరిచారంటే

హడ్సన్స్ బే కంపెనీ చేతిలోని విశాలమైన భూభాగం 1870లో కెనడాకు వచ్చింది. 1871లో విన్నిపెగ్‌కు కాస్త పడమరగా మొదటి మెరిడియన్ పాతుకుని డొమినియన్ ల్యాండ్ సర్వే పూర్తిస్థాయిలో మొదలైంది. మానిటోబా, సస్కాచవాన్, ఆల్బెర్టా మైదానాల మీద దాదాపు 20 కోట్ల ఎకరాలు ఈ ఒక్క పద్ధతిలోకి వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపితే, దానికి మూడింతలు.

ఒక్క పద్ధతి, ఒక్క లెక్క కాబట్టే కంప్యూటరుకు తేలిక. చెట్టూ పుట్టా అడ్డం లేకుండా అంకెల్లోంచి అక్షాంశ రేఖాంశాలు తీయవచ్చు. ఈ మూడు ప్రావిన్సుల మైదాన ప్రాంతమే టూల్స్‌కు సొంత ఇలాకా.

రోడ్లను మరిస్తే మూడు కిలోమీటర్లు

టౌన్‌షిప్ ఆరు మైళ్ళు కదా అని 6తో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. సెక్షన్ల మధ్య రోడ్ల కోసం నేల విడిగా వదిలారు. 1881 నుంచి వచ్చిన పద్ధతిలో ఒక్కో రోడ్డు వెడల్పు 66 అడుగులు, అంటే ఒక గొలుసు. అంతకు ముందు కొలిచిన చోట్ల గొలుసున్నర, 99 అడుగులు. కొత్త పద్ధతిలో ఉత్తర దక్షిణాలుగా ప్రతి టౌన్‌షిప్‌కూ మూడు గొలుసులు అదనంగా చేరతాయి. లెడ్యూక్ బావి దాకా 49 టౌన్‌షిప్‌లు దాటాలి. 147 గొలుసులు. మైలుకు 80 గొలుసులు కనుక మైలు ముప్పావుకు పైనే, దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు. రోడ్లను లెక్కలో వేసుకోని నాసిరకం టూల్ మనల్ని పక్క ఊరి పొలంలో దింపుతుంది.

మన గుంటా, మన సెంటూ ఆ గొలుసులోవే

66 అడుగుల గొలుసును 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రూపొందించాడు. అందులో 100 లింకులు. గొలుసు పొడవు చదరాలు పది కలిస్తే ఒక ఎకరం. కెనడా మైదానాల్ని కొలిచింది దీనితోనే. మద్రాసు ప్రెసిడెన్సీలో మన పొలాల్ని కొలిచిందీ దీనితోనే. పాత ఎఫ్‌ఎంబీల్లో, అంటే పొలం కొలతల పుస్తకాల్లో, గట్ల పక్కన కనిపించే అంకెలు లింకులే.

తెలంగాణలో గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే 33 అడుగులకు 33 అడుగులు. సరిగ్గా అర గొలుసు చదరం. ఆంధ్రలో సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. గుంటల్లో బేరమాడేవారూ సెంట్లలో బేరమాడేవారూ ఒకే గొలుసును చెరోవైపు పట్టుకున్నవారే!

భూమి గుండ్రంగా ఉండటమే చిక్కు

మెరిడియన్లు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరపడతాయి. చదరాలు మాత్రం చదరాలుగానే ఉండాలి. రెండింటికీ పొసగదు. అందుకని ప్రతి 24 మైళ్ళకూ ఒక దిద్దుబాటు గీత పెట్టి, అక్కడ నిలువు గీతల్ని పక్కకు జరిపి మళ్ళీ మొదలుపెట్టారు. కాల్గరీ అక్షాంశంలో ఒక్క రేంజి వెడల్పు మీదే ఈ జరుగుడు రెండు వందల అడుగులు దాటుతుంది. మెరిడియన్ నుంచి దూరం పోయేకొద్దీ ఇది కూడుతూ పోతుంది. పొలాల మధ్య బాణంలా పోయే మట్టి రోడ్డు ఒక్కసారిగా పక్కకు తిరిగి, కొంత దూరం పోయి, మళ్ళీ ఉత్తరానికి పట్టడం అక్కడ డ్రైవింగ్ చేసినవారంతా చూసే ఉంటారు. ఆ మలుపుకు కారణం వాగూ గుట్టా ఏమీ కాదు, ఈ సర్దుబాటే.

ఇంకో ఫలితం కూడా ఉంది. అమెరికా సరిహద్దు దగ్గర నాలుగు, ఐదు మెరిడియన్ల మధ్య 30 రేంజిలు పడతాయి, ఆఖరిది అరకొరగా. 60వ అక్షాంశానికి చేరేసరికి 23 దరిదాపుల్లోనే చోటు అయిపోతుంది. కనుక ‘టౌన్‌షిప్ 120, రేంజి 29, డబ్ల్యూ4’ అని ఎవరైనా రాసిస్తే అది లోకంలో లేని నేల. మంచి టూల్ లేదని చెబుతుంది. లెక్క కట్టడం తప్ప ఏమీ తెలియని టూల్ ఐదో మెరిడియన్ దాటి ఎక్కడో చుక్క పెడుతుంది. కొత్త టూల్ నమ్మదగిందో కాదో తేల్చుకోవడానికి ఇలాంటి దొంగ చిరునామా ఒకటి కొట్టి చూడటం నాకు తెలిసిన మేలైన పరీక్ష.

సెక్షన్ నంబరు చూసి యజమానిని చెప్పేవారు

భూమిని వదులుకున్నందుకు హడ్సన్స్ బే కంపెనీకి సారవంతమైన ప్రాంతంలో ఇరవయ్యో వంతు ఇస్తామన్నారు. 36 సెక్షన్లలో ఇరవయ్యో వంతు అంటే 1.8 సెక్షన్లు. దాన్ని ఎలా పంచారో చూడండి. ప్రతి టౌన్‌షిప్‌లోనూ 8వ సెక్షన్ మొత్తం, 26వ సెక్షన్‌లో ముప్పావు కంపెనీవి. ప్రతి ఐదో టౌన్‌షిప్‌లో మాత్రం 26 మొత్తం. సగటు తీస్తే సరిగ్గా 1.8. ఒక్క ఎకరం ఎక్కువా తక్కువా లేదు!

11, 29 సెక్షన్లు బడుల ఖర్చు కోసం అట్టిపెట్టారు. కెనడియన్ పసిఫిక్ రైల్వేకు ఇస్తామన్న రెండున్నర కోట్ల ఎకరాలను బేసి నంబర్ల సెక్షన్లలో చూపించారు. సరి నంబర్లలో మిగిలినవి వలస రైతులకు. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము కట్టి, మూడేళ్ళు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం.

ఈ పంపకం ప్రభావం ఈనాటికీ నేల అడుగున ఉంది. 1887 తర్వాత పశ్చిమాన ఇచ్చిన పట్టాల్లో ఖనిజాల హక్కు ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. రైల్వే, హడ్సన్స్ బే సెక్షన్లలో చాలా చోట్ల పైనేలతో పాటు ఖనిజాలూ కంపెనీలకే దక్కాయి. ఆల్బెర్టాలో నేటికి దాదాపు 81 శాతం ఖనిజ హక్కు ప్రావిన్సు ప్రభుత్వానిది. గోధుమ పండించే రైతు ఒకరు, ఆ పొలం కింది చమురు మరొకరిది కావడం అక్కడ మామూలే. లొకేషన్ చూపించే టూల్ ఈ రెండింటిలో దేని గురించీ చెప్పదు. యజమాని ఎవరో తెలియాలంటే భూమి రిజిస్ట్రీలో రుసుము కట్టి టైటిల్ తీయించుకోవలసిందే.

గొలుసు మీద కాలు

1869 అక్టోబరు 11. ఇప్పటి విన్నిపెగ్ దగ్గర సెయింట్ వైటల్ ప్రాంతంలో ఆంద్రే నోల్ట్ అనే మేటీ రైతు గడ్డి భూమిలోకి సర్వే బృందం గొలుసు లాక్కుంటూ వచ్చింది. అప్పటికి ఆ ప్రాంతం కెనడా చేతికి ఇంకా రాలేదు. అక్కడ ఉంటున్నవారిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. లూయీ రియెల్ అనే పాతికేళ్ళు నిండని యువకుడు పదిహేను ఇరవై మందితో వచ్చి అడ్డం నిలబడ్డాడు. చేతుల్లో ఆయుధాల్లేవు. సర్వే గొలుసు మీద కాలు మోపి, ఇక ముందుకు కదలవద్దన్నారు. సర్వేవాళ్ళు గొలుసు చుట్టుకుని వెనక్కి వెళ్ళారు.

వాళ్ళకు కోపం రావడానికి కారణం ఉంది. ఆదివాసీ, యూరపు రక్తాలు కలిసిన ఈ మేటీ ప్రజలు రెడ్, అసినిబోయిన్ నదుల వెంట పొలాల్ని పొడుగాటి పట్టీలుగా పంచుకున్నారు. ముందు భాగం నది మీద, అక్కడి నుంచి రెండు మైళ్ళు వెనక్కి సాగు భూమి, దాని వెనక ఇంకో రెండు మైళ్ళు గడ్డి కోసుకునే హక్కు. పట్టీ సన్నగా ఉన్నా ప్రతి ఇంటికీ నీళ్ళు, పడవ దారి, ఒడ్డున కలప. ఇళ్ళు పక్కపక్కనే ఉంటాయి కనుక కష్టానికీ సుఖానికీ ఇరుగుపొరుగు. మైలు చదరాలు వచ్చి పడితే ఒకరికి నది మొత్తం, పదిమందికి చుక్క నీరు లేని మెట్ట. ఇంత తెలివైన ఏర్పాటును ఒక్క చూపు కూడా చూడకుండా కొట్టేయబోయారంటే నాకు ఈనాటికీ బాధే.

పోరాటం ఫలితంగా 1870లో మానిటోబా ప్రావిన్సు ఏర్పడింది. నది పట్టీలకు విడిగా నంబర్లు ఇచ్చి, పారిష్ పేరుతో నమోదు చేశారు. విన్నిపెగ్ మధ్యలో వీధులు ఒక దిక్కుకు పట్టకుండా నదిని బట్టి వంకర తిరగడానికి మూలం ఆ పట్టీలే. ఆల్బెర్టాలో సెయింట్ ఆల్బర్ట్, ఎడ్మంటన్ దగ్గర కూడా ఇలాంటి నది పట్టీలున్నాయి. సస్కాచవాన్‌లో బటోష్ వైపు మాత్రం పట్టీల్లో కొంత భాగానికే గుర్తింపు దొరికింది. 1885 తిరుగుబాటుకు దారితీసిన ఫిర్యాదుల్లో అది ముఖ్యమైంది. ఆ ఏడాది నవంబరు 16న రెజైనాలో రియెల్‌ను ఉరి తీశారు. మానిటోబాలో ఇప్పుడు ఫిబ్రవరి మూడో సోమవారం ఆయన పేరిట సెలవు.

టూల్ సంగతికి వస్తే, ఈ పట్టీలకు సెక్షన్, టౌన్‌షిప్, రేంజి అనే వరస లేదు. పారిష్ పేరు, లాట్ నంబరు కావాలి. కొన్ని టూల్స్ వీటికోసం వేరే గడి పెట్టాయి. చాలా టూల్స్ పెట్టలేదు. పెట్టని టూల్‌లో విన్నిపెగ్ చుట్టుపక్కల ఎంతో నేల కనిపించదు.

రాకీ పర్వతాలు దాటితే

బ్రిటిష్ కొలంబియాలో ఈ గళ్ళు రెండు చోట్లే పరిచారు. ఒకటి రైలు మార్గానికి అటు ఇరవై, ఇటు ఇరవై మైళ్ళ పట్టీ. రెండోది డాసన్ క్రీక్, ఫోర్ట్ సెయింట్ జాన్ ఊళ్ళున్న పీస్ రివర్ బ్లాక్, 35 లక్షల ఎకరాలు. రెండూ రైల్వే కోసం కేంద్రానికి ఇచ్చి, 1930లో వెనక్కి తీసుకున్నవి. కేంద్రం చేతిలో ఉన్నన్నాళ్ళు అక్కడ కేంద్రం సర్వే నడిచింది. మిగతా ప్రావిన్సు డిస్ట్రిక్ట్ లాట్ల పద్ధతి.

పీస్ రివర్ బ్లాక్ దాటి ఉత్తరానికి పోతే గ్యాస్ బావుల చిరునామా రూపమే మారిపోతుంది. అక్కడ టోపో మ్యాపు షీట్లే ఆధారం. 94-హెచ్ లాంటి షీటును 16 చిన్న షీట్లుగా, ఒక్కోదాన్ని ఏ నుంచి ఎల్ దాకా 12 బ్లాకులుగా, బ్లాకును 100 యూనిట్లుగా, యూనిట్‌ను నాలుగు పావులుగా కోస్తారు. ఒకే కంపెనీ బావులు కొన్ని గీతకు ఇటు, కొన్ని అటు ఉంటే రెండు భాషల్లో రికార్డు నడపాలి.

బావి గుర్తింపు సంఖ్యలో మొదటి అంకె చూస్తే ఇది తెలిసిపోతుంది. 1తో మొదలైతే టౌన్‌షిప్ గళ్ళు, 2 అయితే టోపో షీట్లు, 3 అయితే ఉత్తర భూభాగాల్లో, సముద్రంలో వాడే కేంద్ర పర్మిట్ల గడి. టూల్‌లో కొట్టేముందు ఆ ఒక్క అంకె చూసుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

టొరంటోలో వెతకొద్దు

అంటారియోలో కన్సెషన్, లాట్ పద్ధతి. క్యూబెక్‌లో ఫ్రెంచివారి నాటి పట్టీల మీద కట్టిన కడాస్టర్ (భూమి రికార్డు) నంబర్లు. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిని 1764-65లో శామ్యూల్ హాలండ్ 67 లాట్లుగా కోశాడు. సెక్షన్ నంబరు ఈ చోట్ల ఎక్కడా పనికిరాదు.

ఇంకా దగ్గరి సంగతి: గళ్ళున్న ప్రావిన్సుల్లో కూడా ఊళ్ళో ఇంటి స్థలానికి సెక్షన్ నంబరు సరిపోదు. ప్లాన్, బ్లాక్, లాట్ నంబర్లు కావాలి. ఆల్బెర్టాలో ప్రతి ముక్కకూ పది అంకెల ఎల్‌ఐఎన్‌సీ (లింక్) నంబరు ఉంటుంది, బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది అంకెల పిడ్. ఇల్లు కొనేవారికి కావలసినవి అవి.

చట్టం చూసేది ఇనుప కడ్డీనే

సెక్షన్ మూలన సర్వేవాళ్ళు చుట్టూ గుంతలు తవ్వి, ఆ మట్టిని దిబ్బగా పోసి, మధ్యలో ఇనుప కడ్డీ దిగ్గొట్టేవారు. తొలిరోజుల్లో కర్ర గుంజలు కూడా వాడారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోని కడ్డీల తలమీద ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మీద సెక్షన్, టౌన్‌షిప్, రేంజి నంబర్లు అచ్చు కొట్టి ఉంటాయి. వాటి చుట్టూ, దీన్ని పీకితే ఏడేళ్ళ జైలు అనే హెచ్చరిక గుండ్రంగా చెక్కి ఉంటుంది. నేటి కెనడా క్రిమినల్ కోడ్‌లో 443వ సెక్షన్ కింద హద్దు గుర్తులు కావాలని చెరిపినవారికి ఐదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు.

ఆ కడ్డీ ఉండవలసిన చోటికి పదడుగులు పక్కన పడిందనుకోండి. నూరేళ్ళ కిందట మంచులో, చిత్తడిలో గొలుసు లాగిన మనుషులు వాళ్ళు; అలా పడ్డవి ఉన్నాయి. అప్పుడు హద్దు ఏది? కడ్డీ ఉన్న చోటే. లెక్క ప్రకారం రావలసిన చోటు కాదు. టూల్ మాత్రం లెక్కనే చూపిస్తుంది, మంచిదైతే ప్రభుత్వం సర్దిన కోఆర్డినేట్లను చూపిస్తుంది. పైగా పాత మ్యాపులు నాడ్27 అనే కోఆర్డినేట్ ప్రమాణం ఆధారంగా, కొత్తవి నాడ్83 ఆధారంగా ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదాని మీద పెడితే పదుల మీటర్లు జరుగుతుంది. దారి వెతకడానికి ఇది చాలు. కంచె వేయడానికి, బోరు దింపడానికి, అమ్మకపు కాగితం రాయడానికి సర్వేయరును పిలవాలి.

ఉత్తర ఆల్బెర్టా అడవుల్లో సర్వే మనిషి అడుగే పెట్టని టౌన్‌షిప్‌లున్నాయి. వాటికీ ప్రభుత్వ గడిలో ఊహించి లెక్క కట్టిన కోఆర్డినేట్లు ఇచ్చారు. కడ్డీలున్న చోట వచ్చే చుక్కా, లేని చోట వచ్చే చుక్కా స్క్రీన్ మీద ఒకేలా ఉంటాయి. తేడా చూపించే టూల్ దొరికితే వదులుకోకండి.

మన పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి

ఇక్కడ గళ్ళు లేవు. పొలం ఎలా ఉంటే సర్వే నంబరు అలా. ఊరి పేరు లేకుండా 45/అ అంటే ఏ అర్థమూ లేదు, ప్రతి రెవెన్యూ గ్రామంలోనూ ఒక 45 ఉంటుంది. తెలంగాణలో 2020 నాటి ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి, ఆంధ్రలో మీభూమి, అన్నింటిలోనూ జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటూ దిగాల్సిందే. గ్రామకంఠం ఇళ్ళ సంగతి చాలా కాలం ఈ లెక్కల్లోకే రాలేదు. అందుకే 2020లో కేంద్రం స్వామిత్వ పథకం కింద డ్రోన్లు ఎగరేసి ఊరి ఇళ్ళను మ్యాపు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక్కో భూమి ముక్కకు దాని మూలల అక్షాంశ రేఖాంశాల ఆధారంగా 14 అక్షరాంకెల భూ ఆధార్ ఇస్తున్నారు. కెనడాలో ముందు గడి గీసి తర్వాత భూమి పంచారు. మనం పంచుకున్న భూమికి ఇప్పుడు గడిలో చోటు వెతుకుతున్నాం. నాకు మాత్రం ఈ రెండోదే మనుషులకు దగ్గరగా అనిపిస్తుంది, కష్టం ఎక్కువైనా.

అమెరికాలో ఉన్నవారికి

అమెరికా గళ్ళు ఇంకా పాతవి, 1785 చట్టంతో ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్ దగ్గర మొదలయ్యాయి. అక్కడ సెక్షన్ 1 ఈశాన్య మూలన ఉంటుంది, 36 ఆగ్నేయాన. కెనడా పటం అలవాటైనవారు అదే కన్నుతో చూస్తే సెక్షన్ 1 కోసం టౌన్‌షిప్‌లో పై అంచుకు బదులు కింది అంచుకు పోతారు. 30 రాష్ట్రాల్లోనే ఈ పద్ధతి. తొలి 13 కాలనీల ప్రాంతంలో లేదు, కనుక న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియాల్లో మనవాళ్ళ ఇళ్ళకు వర్తించదు. కాలిఫోర్నియాలో ఉంది గానీ, మెక్సికో పాలనలో ఇచ్చిన రాంచో గ్రాంట్లను వదిలేసి గీశారు. ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు గళ్ళ మధ్య పెద్ద పెద్ద ఖాళీలు అందుకే.

తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్ చుట్టుపక్కల సంగతి వేరు. 1845లో టెక్సస్ అమెరికాలో చేరినప్పుడు తన ప్రభుత్వ భూముల్ని తానే ఉంచుకుంది. అందుకని ఫెడరల్ గళ్ళు అక్కడికి రాలేదు. స్పెయిన్, మెక్సికో, టెక్సస్ రిపబ్లిక్ ఇచ్చిన గ్రాంట్లకే కౌంటీలవారీగా అబ్‌స్ట్రాక్ట్ నంబర్లు వేశారు. పాత కొలత వారా, 33⅓ అంగుళాలు. డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో చాలా భూమి 1841 నాటి పీటర్స్ కాలనీ కింద పంచింది. కుటుంబానికి 640 ఎకరాలు, ఒంటరివాడికి 320. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొన్నవారు తమ సబ్‌డివిజన్ ప్లాట్ కాగితం తీసి పై భాగం చూడండి. లాట్, బ్లాక్ నంబర్లకు దగ్గర్లోనే ఫలానావారి సర్వే, అబ్‌స్ట్రాక్ట్ నంబరు ఫలానా అని ఉంటుంది. ఆ పేరు దాదాపు రెండు శతాబ్దాల కిందట ఆ నేల మొదట పట్టా పొందిన మనిషిది.